క్షమాపణ, బాధ్యత: డాక్టర్ అంబేద్కర్ జీవితం మన ముందుంచే ప్రశ్న



నాందేడ్ నుంచి దెగ్లూరు వైపు వెళ్ళే రహదారి మీద ఉన్న మన నాయ్‌గావ్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒక పటం లేని వీధి ఉండదు. నీలం కోటు, కళ్ళద్దాలు, చేతిలో పుస్తకం. ఏప్రిల్ 14న ఊరేగింపు, డిసెంబరు 6న కొవ్వొత్తులు. మన పక్కింటివాళ్ళలో, మనతో పనికి వచ్చేవాళ్ళలో, మన పిల్లల స్నేహితుల్లో బౌద్ధులు చాలామంది. పండక్కి మనం వాళ్ళకు కేకు పంపిస్తాం, వాళ్ళు మనకు ఖీరు పంపిస్తారు. మాటల మధ్యలో వాళ్ళు మనల్ని ఒక ప్రశ్న అడుగుతారు. మీ దేవుడు అడిగిన వెంటనే క్షమించేస్తాడు గదా, ఇక తప్పు చేయడానికి మీకు భయం దేనికి అంటారు.

ఈ ప్రశ్నకు మనలో కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు వాదనకు దిగుతారు. రెండూ సరైన జవాబులు కావు. ఆ ప్రశ్న వెనుక ఒక మనిషి జీవితం ఉంది. ఆయన క్రైస్తవ్యాన్ని దగ్గరగా చూసి, చాలా ఏళ్ళు ఆలోచించి, వేరే దారి పట్టారు. ఆయన ఎందుకలా చేశారో తెలియకుండా మనం జవాబు చెప్పబోతే అది పైపై మాటే అవుతుంది. అందుకే ఈసారి మన పుటల్లో డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ గారి జీవితాన్ని ఈ ఒక్క కోణం నుంచి చూద్దాం.

బాల్యము, చదువు

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మహూ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, కబీరు పంథాను అనుసరించిన భక్తుడు. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే కన్నుమూశారు. సాతారా బడిలో మహర్ కులపు పిల్లవాడు అందరితో కలిసి కూర్చోవడానికి వీలు లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి. దాహం వేస్తే కుళాయిని తాను ముట్టకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి. బంట్రోతు రాని రోజు నీళ్ళు లేవు.

ఈ సంగతి మనకు కొత్తగా చెప్పనక్కర లేదు. మన తాతలు, ముత్తాతలు ఒంగోలు, నెల్లూరు, పాలమూరు ప్రాంతాల్లో ఇదే దాహంతో బ్రతికారు. అయితే ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ పిల్లవాడు ఏ పాపం చేశాడని దాహంతో ఉన్నాడు? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతం వదల్లేదు. మనం చెప్పుకోబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బొంబాయిలో చదువుకునే రోజుల్లో, ఒక పరీక్ష ప్యాసైనందుకు జరిగిన చిన్న సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆయనకు బహుమానంగా ఇచ్చారు. ఆ చిన్న పుస్తకం ఆయన మనసులో నాటుకున్న విత్తనం. అది చెట్టు కావడానికి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో 1913లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి 1916లో లండనుకు వెళ్ళారు.

బరోడాలో ఒక సాయంకాలము

1917లో వేతనపు షరతు ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. అంత చదువు చదివినా ఊళ్ళో ఒక్క గది దొరకలేదు. చివరికి ఒక పార్శీ సత్రంలో, పార్శీ పేరు పెట్టుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చింది. సాయంత్రం లోపల ఖాళీ చేయమని హెచ్చరించి వెళ్ళింది.

ఆ ఊళ్ళో ఆయనకు ఇద్దరు స్నేహితులున్నారు. ఒకరు హిందువు. ఆయన జాలిపడ్డాడు గాని, నువ్వు నా ఇంటికి వస్తే నా పనివాళ్ళు వెళ్ళిపోతారని చెప్పాడు. రెండవ వ్యక్తి క్రైస్తవుడు. మరునాడు భార్య వస్తుంది, ఆమెను అడిగి చెబుతానన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవులైనవారు. భర్త ఉదార స్వభావుడైనా, భార్య పాత ఆచారం విడిచిపెట్టలేదనీ, అస్పృశ్యుణ్ణి ఇంట్లో ఉండనివ్వదనీ అంబేద్కర్ గారికి ఆ మాటలోనే అర్థమైంది. ఆ సాయంత్రం ఊరి ఉద్యానవనంలో కూర్చుని, రాత్రి తొమ్మిది గంటల బండికి బొంబాయి తిరిగివెళ్ళారు. చాలా ఏళ్ళ తరువాత తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసుకున్నారు. ఆ సత్రం తలచుకుంటే తనకు ఎప్పుడూ కన్నీళ్ళు వస్తాయని చెప్పుకున్నారు.

ప్రియులారా, ఆ రెండవ ఇంటి దగ్గర మనం కాసేపు ఆగాలి. ఆ ఇంట్లో ప్రార్థన ఉండే ఉంటుంది. పాపక్షమాపణ గురించిన పాటలు పాడే ఉంటారు. కాని తలుపు తెరుచుకోలేదు. క్షమాపణ పొందామని నమ్మే ఇల్లు ఒక పరదేశిని రాత్రివేళ వీధిలో నిలబెట్టింది. మనమూ ఈ మహారాష్ట్రలో పరదేశులమే. అద్దె ఇల్లు అడిగినప్పుడు మన పేరూ కులమూ అడిగిన అనుభవం మనలో చాలామందికి ఉంది.

మహాడ్ నుంచి యేవలా వరకు

1927 మార్చి 20న ఆయన వేలాది మందితో మహాడ్ చవదార్ చెరువుకు నడిచి వెళ్ళి నీళ్ళు త్రాగారు. ఆ సభల్లో తన ప్రజలకు ఆయన ఇచ్చిన ఉపదేశం గమనించదగినది. చచ్చిన పశువు మాంసం తినవద్దన్నారు. ఇతరుల అన్యాయాన్ని ఎదిరిస్తూనే తమ నడతను తామే దిద్దుకోవాలని బోధించారు. మన మిషను చరిత్ర చదివినవారికి ఇక్కడ ఒక పోలిక తోస్తుంది. ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు మాదిగ పల్లెల్లో క్రొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంఘానికి పునాది ఆ మూడు నియమాలే. కాబట్టి క్రైస్తవ్యం క్షమాపణ గురించి మాత్రమే మాట్లాడుతుందనీ నడత గురించి మాట్లాడదనీ ఎవరైనా అంటే, మన తాతల జీవితాలే దానికి సాక్ష్యం.

ఆ తరువాత మనుస్మృతి దహనం, నాసిక్ కాలారామ్ ఆలయ సత్యాగ్రహం, 1932లో పూనా ఒప్పందం జరిగాయి. 1935 మేలో భార్య రమాబాయి మరణించారు. ఆ సంవత్సరమే అక్టోబరు 13న నాసిక్ జిల్లా యేవలాలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. ఆ మాటతో అన్ని మతాలవారూ ఆయన వైపు చూశారు. మన మిషనరీలూ, బిషప్పులూ ఆయనను కలిసి మాట్లాడారు. 1938లో షోలాపూర్ క్రైస్తవుల సభలో ప్రసంగిస్తూ, మతాలన్నీ పరిశీలించాక తన మనసును ఆకట్టుకున్నవారు ఇద్దరే, బుద్ధుడూ క్రీస్తూ అని చెప్పారు. అయితే క్రైస్తవుల మధ్యనే కులం ఎందుకు మిగిలిపోయిందని కూడా ఆ సభలోనే సూటిగా అడిగారు.

మన బోధపై ఆయన విమర్శ

క్రైస్తవ్యం గురించి ఆయన రాసిపెట్టుకున్న వ్యాసాలు ఆయన బ్రతికి ఉండగా అచ్చు కాలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 1989లో వెలువరించిన ఆయన రచనల అయిదవ సంపుటంలో అవి వచ్చాయి. వైద్యంలోనూ విద్యలోనూ మిషనరీలు చేసిన సేవను ఆయన అందులో మెచ్చుకున్నారు. కాని ఒక చోట ఆయన వేసిన దెబ్బ మనకు తగలవలసిందే.

దాని సారాంశం ఇది. క్రైస్తవ బోధకుడు వచ్చి, మనిషి పతనానికి కారణం అతని పాపమే అని చెప్పాడు. క్రీస్తునందు పాపక్షమాపణ ఉందన్నాడు. అస్పృశ్యుడు అది నమ్మాడు. కాని అతడు ఊరి బయట ఉండటానికి కారణం అతని పాపం కాదు, అతని చుట్టూ ఉన్నవారి పాపం. బోధ అతని కళ్ళను తన లోపలికి తిప్పింది గాని, తనను తొక్కిన వ్యవస్థ వైపు తిప్పలేదు. అందువల్ల మతం మారినా అతనిలో పోరాడే పట్టుదల రాలేదని అంబేద్కర్ గారి అభిప్రాయం.

దీనికి మనం ఏం చెబుతాం? మొదట, అందులో నిజం ఉందని ఒప్పుకోవాలి. దెబ్బ తిన్నవాడికి కావలసింది న్యాయం. కొట్టినవాడికి చెప్పవలసిన మాట అతనికి చెబితే అది సువార్త కాదు. రెండవది, మన బైబిలు ఆ వరుసలో మాట్లాడలేదని గుర్తు చేసుకోవాలి. నిర్గమకాండము తెరిచి చూడండి. ఐగుప్తులో ఇటుకలు చేస్తున్న దాసుల దగ్గరకు దేవుడు వచ్చినప్పుడు మొదట వారి పాపాల జాబితా చదవలేదు. వారి మొర విన్నాడు, ఫరోను ఎదిరించాడు, సముద్రం దాటించాడు. ఆజ్ఞలు సీనాయి దగ్గర, ఆ తరువాత వచ్చాయి. ఇటుకల బట్టీల్లో పని చేసే మన సహోదరులకు ఈ వరుస ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

మిళిందుని పేరు పెట్టిన కాలేజీ

మన మరాఠ్వాడా అప్పుడు నిజాం హైదరాబాదు రాష్ట్రంలో భాగం. 1948 వరకు నిజాం పాలన, 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో చేరిక, 1960లో మహారాష్ట్ర. ఈ వెనుకబడిన ప్రాంతంలో పేద పిల్లలకు పై చదువులు లేవని చూసి, అంబేద్కర్ గారు స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో ఔరంగాబాదులో కాలేజీ తెరిచింది. దానికి ఆయన మిళింద్ అని పేరు పెట్టారు, ఆవరణకు నాగసేనవనం అన్నారు. మిళిందుడంటే మినాండరు అనే గ్రీకు రాజు. బౌద్ధ భిక్షువు నాగసేనుణ్ణి ప్రశ్నలు అడిగి, ఓడిపోవడానికి సిగ్గుపడకుండా నేర్చుకున్నవాడు. 1953లో మన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేద్కర్ గారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఆ మిళిందుని ప్రశ్నల్లో ఒకటి మన విషయానికి నేరుగా వస్తుంది. తెలిసి తప్పు చేసినవాడికి ఎక్కువ దోషమా, తెలియక చేసినవాడికా అని రాజు అడుగుతాడు. తెలియక చేసినవాడికే ఎక్కువ అని భిక్షువు జవాబు. ఎర్రగా కాలిన ఇనుప గుండును తెలిసి పట్టుకునేవాడు జాగ్రత్తగా పట్టుకుంటాడు, తెలియనివాడు గట్టిగా పట్టుకుని ఎక్కువగా కాలిపోతాడు. నిప్పు ఎవరి మీదా కోపపడదు, ఎవరినీ క్షమించదు. అది కాలుస్తుంది, అంతే.

ఇప్పుడు కల్వరి వైపు చూడండి. మేకులు కొట్టిన సైనికుల కోసం మన ప్రభువు తండ్రిని వేడుకున్నాడు. వారు చేసేది వారికి తెలియదన్నదే ఆ వేడుకోలుకు ఆధారం. నాగసేనుడు దేనిని ఎక్కువ ప్రమాదంగా చూశాడో, యేసు దానిని కనికరానికి కారణంగా చూపించాడు. రెండు మతాల తేడా అంతా ఈ రెండు చిత్రాల్లో కనబడుతుంది. బౌద్ధంలో తప్పు అనేది నిప్పు వంటిది, దాని ధర్మం దానిది. క్రైస్తవ్యంలో పాపం ఒక తండ్రి హృదయాన్ని గాయపరచడం. నిప్పును క్షమాపణ అడగలేము. తండ్రిని అడగగలము.

బౌద్ధములో పశ్చాత్తాపము

అయితే బౌద్ధంలో కనికరం లేదని మనం అనుకుంటే అది తప్పు. అంగుళిమాలుడనే హంతకుని కథ మీలో చాలామంది విన్నారు. అంబేద్కర్ గారు తన బుద్ధ ధర్మ గ్రంథంలో కూడా ఆ కథ చేర్చారు. చంపినవారి వేళ్ళు మాలగా కట్టుకున్న ఆ మనిషిని బుద్ధుడు దగ్గరకు తీసి భిక్షువును చేశాడు. పాత పాళీ కథలో ఆ తరువాతి భాగం కూడా ఉంది. అతడు భిక్షకు వెళ్ళినప్పుడు రాళ్ళు, కర్రలు తగిలి నెత్తురు కారుతూ తిరిగివచ్చాడు. బుద్ధుడు అతని గాయాన్ని మాన్పలేదు, లెక్కను కొట్టివేయలేదు. చేసిన దాని ఫలం ఇప్పుడే అనుభవిస్తున్నావు, ఓర్చుకో అని చెప్పాడు. అతడు పూర్తిగా మారాడు, అయినా ఫలం మిగిలింది.

అజాతశత్రువు సంగతీ అంతే. తండ్రి బింబిసారుణ్ణి చంపిన ఆ రాజు బుద్ధుని ముందు తప్పు ఒప్పుకున్నాడు. తప్పును తప్పుగా చూసి, ఇకపై మానుకోవడం ఎదుగుదలకు గుర్తని బుద్ధుడు అతని ఒప్పుకోలును అంగీకరించాడు. కాని రాజు వెళ్ళాక, ఆ హత్య చేయకపోయి ఉంటే ఈ రోజే ఇతనికి ధర్మ నేత్రం తెరుచుకునేదని భిక్షువులతో అన్నాడు. ఒప్పుకోలు ఉంది, ఆదరణ ఉంది, కొట్టివేత మాత్రం లేదు.

ఉప్పుగడ్డ పోలిక కూడా వారి గ్రంథాల్లో ఉంది. గిన్నెడు నీళ్ళలో వేస్తే త్రాగలేము, గంగలో వేస్తే తెలియదు. మంచి నడతతో హృదయం విశాలమైనవాడికి అదే తప్పు చిన్న ఫలాన్నే ఇస్తుంది. అంటే వారి దగ్గర ఉప్పును తీసివేసేవాడు లేడు, నీటిని పెంచుకోవాలి. మన దగ్గర ఉప్పును తీసివేసేవాడు ఉన్నాడు, అందుకు ఆయన తన ప్రాణమే పెట్టాడు. ఇదే అసలు తేడా.

నాగపూర్ దీక్ష

1956 అక్టోబరు 14, విజయదశమి రోజు. నాగపూర్‌లో లక్షల మంది తెల్లని బట్టలు కట్టుకుని చేరారు. వృద్ధ భిక్షువు చంద్రమణి దగ్గర అంబేద్కర్ గారూ, భార్య సవితా గారూ దీక్ష తీసుకున్నారు. ఆ వెంటనే ఆయనే తన ప్రజల చేత ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించారు. దొంగతనం చేయను, అబద్ధం ఆడను, మద్యం త్రాగను అనేవి అందులో ఉన్నాయి. ఎవరికి వారే పలికారు, ఎవరి బాధ్యత వారిదే. పూర్వజన్మ పాపం వల్లనే ఈ జన్మలో అంటరానితనం వచ్చిందనే మాటను ఆయన పూర్తిగా త్రోసివేశారు. బుద్ధుడు తాను దారి చూపేవాడినే గాని మోక్షం ఇచ్చేవాడిని కానని చెప్పాడనీ, యేసు అలా కాదనీ తన గ్రంథంలో ఆయనే తేడా చూపించారు. ఆ తేడాను ఆయన సరిగ్గానే గుర్తించారు. ఆయన మొదటిదాన్ని కోరుకున్నారు, మనం రెండవదానిని నమ్ముకున్నాం.

దీక్ష తరువాత ఏడెనిమిది వారాలకే, డిసెంబరు 6న, ఢిల్లీలో నిద్రలోనే కన్నుమూశారు. మరునాడు బొంబాయి దాదర్ సముద్రతీరాన అంత్యక్రియలు జరిగాయి. ఆ గ్రంథం 1957లో అచ్చయింది.

మన జిల్లా గాయము

ఆయన పోయాక కూడా ఆయన పేరు మీద ఇక్కడ నెత్తురు పారింది. 1978 జూలైలో మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని శాసనసభ తీర్మానించగానే పల్లెల్లో దళితుల ఇళ్ళు తగలబెట్టారు. మన నాందేడ్ జిల్లా టెంభుర్ణిలో పోచిరాం కాంబ్లేను చంపారు. 1994 జనవరి 14న ఆ పేరు చేరింది.

ఇలాంటి చోట క్షమాపణ అనే మాటను మనం ఎంత జాగ్రత్తగా పలకాలి! చనిపోయినవాని తరఫున క్షమించే హక్కు పక్క వీధివాడికి లేదు. దేవుడు క్షమించాడు గనుక మీరూ మరచిపోండి అని ఆ ఇంటివారికి బోధించడానికి వెళితే, అంబేద్కర్ గారి విమర్శను మనమే నిజం చేసినవారమవుతాం. అక్కడ మనం చేయవలసినది వారితో కూర్చుని ఏడవడం, న్యాయం కోసం వారితో నిలబడటం.

పొరుగువారికి మన జవాబు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. క్షమాపణ ఉంది గనుక తప్పు చేయడానికి భయం లేదా? జక్కయ్య ఇంటికి వెళ్ళి చూడండి. యేసు అతని ఇంట కాలుపెట్టాడు. జక్కయ్య ఊరక పాట పాడి కూర్చోలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. కొండమీది ప్రసంగంలో ప్రభువు ఇంకా సూటిగా చెప్పాడు. అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు అతని దగ్గరకు వెళ్ళాలి. అంటే దేవుని క్షమాపణ మనిషికి మనం చేసిన తప్పును దాటవేసే దారి కాదు. అది ఆ మనిషి గుమ్మం దాకా మనల్ని నడిపించే బలం.

మనం బాప్తిస్టులం. తల్లిదండ్రుల నమ్మకం బిడ్డకు సరిపోదని, ఎవరి ఒప్పుకోలు వారే చేయాలని నమ్మేవాళ్ళం. ఎవరి ప్రతిజ్ఞ వారే పలకాలన్న బౌద్ధ సహోదరుడికి ఈ విషయంలో మనం దూరం కాదు. కాని జరిగిపోయినదాని భారం మనిషి ఒక్కడే మోయలేడని మనకు తెలుసు. ఆ భారం సిలువ మీద దిగింది గనుకనే, సిగ్గుపడకుండా వెళ్ళి బాకీ తీర్చే ధైర్యం మనకు వస్తుంది.

చివరగా మన సంఘం గురించి ఒక్క మాట. ఇంత దూరం కూలికీ, కాంట్రాక్టు పనికీ, ఉద్యోగానికీ వచ్చినా, వీరు మాలలు, వీరు మాదిగలు అనే మాట మన మూటల్లో వచ్చింది. పెళ్ళి సంబంధాల దగ్గర, సంఘపు ఎన్నికల దగ్గర ఆ మూట విప్పుతాం. బరోడాలో మూసుకున్న తలుపు మన ఇళ్ళలో కూడా ఉంది. వచ్చే ప్రభువు బల్ల ఆదివారానికి ముందు, ఎవరి ముందు ఆ తలుపు మూశామో వారి ఇంటికి మనమే వెళదాం. ఆ తరువాత పొరుగువారు మనల్ని ఆ ప్రశ్న అడిగితే, చెప్పడానికి మన దగ్గర ఒక జవాబు ఉంటుంది.

ప్రభువు మనకు తన కృపను, తప్పు ఒప్పుకునే ధైర్యాన్ని అనుగ్రహించును గాక. ఆమేన్.